సాయంత్రమైతే గేటు దగ్గరే
డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లు తప్పు మాట్లాడితే సరిదిద్దకండి, వాదించకండి అని మీ వ్యాసంలో రాశారు కదా, అది నూటికి నూరు పాళ్లు నిజం, మేం రెండేళ్లు వాదించి వాదించి నేర్చుకున్నాం. మా అత్తమ్మకు ఆల్జీమర్స్, అంటే డిమెన్షియాలోనే ఒక రకం. మలక్‌పేటలో మా దగ్గరే ఉంటారు, కానీ పొద్దుగూకితే చాలు, కొంగులో మందుల డబ్బా ముడేసుకుని గేటు పట్టుకుని "జనగామ బస్సు పోతది, మా అమ్మ ఎదురుచూస్తుంటది" అంటారు. ఆ అమ్మ పోయి నలభై ఏళ్లు. మొదట్లో "ఆమె ఎప్పుడో పోయింది కదా అత్తమ్మా" అనేవాళ్లం, ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. ఇప్పుడు "మీ అమ్మ ఏం వండేది?" అని అడుగుతాను, సర్వపిండి గురించి చెప్పుకుంటూ ఆమే లోపలికి వచ్చేస్తారు. చీకటి పడకముందే లైట్లన్నీ వేస్తాం, దాంతోనూ కాస్త తేడా ఉంది. అయితే వ్యాసంలో రాని మాట ఒకటుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే జబ్బు ముదిరిందిలే అని ఊరుకోవద్దు. పోయిన వేసవిలో అత్తమ్మ రాత్రంతా నిద్రపోలేదు, స్నానానికి తీసుకెళ్తే నన్ను కొట్టారు, ఎప్పుడూ లేనిది. ఒక డాక్టర్ గారు సరిగ్గా చూడకుండానే నిద్రమాత్ర రాసేశారు. ఇంకోచోట మూత్ర పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది, మందులు వాడాక వారం పది రోజులకు మళ్లీ మామూలయ్యారు. నొప్పి, మలబద్ధకం, నీళ్లు తక్కువ తాగడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కావచ్చు, తనకేమైందో ఆమె చెప్పలేరు. ముందు అవన్నీ చూపించండి, నిద్రమాత్ర సంగతి తర్వాత.