రాహువు లేని రాహుకాలం గారికి

మహారాజశ్రీ రాహుకాలం గారి సముఖానికి,

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పంచాంగాన్నీ గడియారాన్నీ రెండింటినీ నమ్ముకుని బతికేవాళ్లం చేసుకునే విన్నపం. తమరు వచ్చే పూట మాకు కంఠతా వచ్చు గనక, తమరు లేని పూట చూసుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాం. గోదావరి వాళ్లు వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుంటారేమో గానీ, మద్రాసు గాలి తగిలిన మా నెల్లూరోళ్లకు ముందు తమరే.

తమరిని కట్టే లెక్క చాలా తేలిక. పొద్దు పొడుపు నుంచి పొద్దు గూకే దాకా ఉన్న పగటిని ఎనిమిది సమభాగాలు చేయాలి. సోమవారం రెండో భాగం తమరిది. శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, బుధవారం అయిదోది, గురువారం ఆరోది, మంగళవారం ఏడోది, ఆదివారం ఆఖరిది. మొదటి భాగంలో ఏ రోజూ రారు. అంత పొద్దున్నే లేచే అలవాటు తమరికి ఉన్నట్టు లేదు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. వారం పేరు, పగటి నిడివి తెలిస్తే చాలు. చంద్రుడు అక్కర్లేదు, నక్షత్రం అక్కర్లేదు. రాహువు ఈ ఏడాది ఏ రాశిలో ఉండాడో తెలియకుండానే రాహుకాలం కట్టేయొచ్చు! ఓనరు ఎక్కడున్నాడో తెలియకుండా ఆయన పేరు చెప్పి నెలనెలా బాడుగ వసూలు చేసుకుపోయే మనిషికీ తమరికీ తేడా మాకు కనిపించలేదు.

ఆ ఓనరు సంగతి చెబుతాం, వినండి. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారికి అయిదు డిగ్రీల పైచిలుకు వాలులో ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల కోసుకుంటాయి. చంద్రుడు ఉత్తరానికి ఎక్కే చోటు రాహువు, దక్షిణానికి దిగే చోటు కేతువు. అక్కడ రాయీ లేదు, తలా లేదు, తోకా లేదు. కానీ ఆ చోటు నిలకడగా ఉండదు. సూర్యుడి ఆకర్షణ వల్ల వెనక్కి వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఒక మహాయుగానికి 157 కోట్ల 79 లక్షల 17 వేల 828 రోజులని, అన్ని రోజుల్లో రాహువు 2,32,238 చుట్లు తిరుగుతాడని చెప్పింది. భాగించి చూడండి, చుట్టుకు 6,794.4 రోజులు వస్తుంది. ఇవాళ్టి ఖగోళశాస్త్రం చెప్పేది 6,793.5. పద్దెనిమిదిన్నర ఏళ్ల చుట్టులో తేడా ఒక్క రోజు కూడా లేదు, అదీ దుర్భిణి లేని కాలంలో. దండం పెట్టాల్సింది ఆ లెక్కకు. గోడ క్యాలెండరులో మూల గడిలో అచ్చేసిన తమరికి కాదు.

ఆ రాహువు దగ్గరికి సూర్యుడు వచ్చేది 346.6 రోజులకు ఒకసారి. కేతువునూ కలుపుకుంటే 173 రోజులకు ఒకసారి గ్రహణాల అదను. ఆయన అంత పొదుపుగా దర్శనమిస్తే, ఆయన పేరు పెట్టుకున్న తమరు వారానికి ఏడు రోజులూ డ్యూటీ ఎక్కుతున్నారు. పైగా పాము మింగుతుందన్న మాటను మన పెద్దలే ఎప్పుడో పక్కన పెట్టారు. చంద్రుడు సూర్యుణ్ని కప్పుతాడు, భూమి నీడ చంద్రుణ్ని కప్పుతుంది అని ఆర్యభటుడు రాసి పదిహేను వందల ఏళ్లు దాటింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మా కుర్రాళ్లు బైకు డెలివరీకి రాహుకాలం అడ్డమా అని షోరూములో విచారిస్తున్నారు.

సరే, తమరి లెక్కనే ఒప్పుకుందాం. అదైనా సరిగ్గా పాటిస్తున్నారా? క్యాలెండరులో మంగళవారం మూడు నుంచి నాలుగున్నర అని ఉంటుంది. అంటే ఏడాది పొడుగునా ఆరుకే పొద్దు పొడిచి ఆరుకే గూకుతుందని. నెల్లూరులో జూన్ 21న పొద్దు పొడిచేది సుమారు 5.42కు, గూకేది 6.41కి. పగలు 12 గంటల 59 నిమిషాలు, అందులో ఎనిమిదో వంతు 97 నిమిషాలు. ఆ లెక్కన జూన్ మూడో వారంలో మంగళవారం రాహుకాలం 3.26కు మొదలై 5.04కు పోతుంది. ఇప్పుడు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందరైనా చూడండి. మూడింటికి బయట వేపచెట్టు కింద స్టాంపు కాగితాలు చంకలో పెట్టుకుని కొన్నోళ్లూ అమ్మినోళ్లూ సాక్షులూ కూర్చుని ఉంటారు. డాక్యుమెంట్ రైటరు సెల్‌ఫోను తీసి తీసి చూస్తుంటాడు. నాలుగున్నర దాటగానే అందరూ ఒక్కసారి లోపలికి పడతారు. నాలుగు ముప్పై అయిదుకు వేలిముద్ర పెట్టేస్తారు, నిక్కచ్చిగా తమరి నట్టనడుమ! తమరు ఏం చేశారు? ఏమీ చేయలేదు. చేసిందల్లా అందరూ ఒకే నిమిషంలో ఎగబడితే సర్వరు పడుకోవడం. తమరి ప్రభావానికి కొలవదగ్గ సాక్ష్యం ఈ భూమ్మీద అదొక్కటే.

డిసెంబరులో ఇదే తిరగబడుతుంది. 22వ తేదీకి పొద్దు పొడుపు ఆరున్నర, భాగానికి 84 నిమిషాలే. సోమవారం తమరు 7.54కు వచ్చి 9.19కి పోతారు. క్యాలెండరు చూసి తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టినోళ్లందరూ తమరి చేతికి చిక్కినట్టే. బుధవారం సంగతి ఇంకా వినోదం. అయిదో భాగం మొదలయ్యేది సరిగ్గా నడిమధ్యాహ్నం, అంటే నిలువుగా పాతిన కర్ర నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణం. మనం 80 డిగ్రీల రేఖాంశం మీద ఉన్నాం, దేశం గడియారం 82.5 డిగ్రీల మీద ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు పది నిమిషాలు ఆలస్యం. దానికి తోడు భూమి కక్ష్య గుండ్రంగా లేనందుకు, ఇరుసు వాలినందుకు ఇంకొంత. ఫిబ్రవరి నడుమ ఆ క్షణం 12.24కు వస్తుంది, నవంబరు మొదట్లో 11.54కే వచ్చేస్తుంది. పెరట్లో కర్ర పాతి ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంకో అనుమానం. 1906 జనవరి 1కి ముందు మన వైపు రైళ్లు మద్రాసు టైముకు నడిచేవి, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. తెల్లదొరలు దాన్ని అయిదున్నర చేశారు. గడియారాన్ని పట్టుకుని వేలాడే తమరు కూడా నోరెత్తకుండా తొమ్మిది నిమిషాలు జరిగారు కదా? గ్రహాలను శాసించేవారు గవర్నమెంటు ఆర్డరుకు ఇంత అణకువగా ఉండటం ముచ్చటేసింది.

పాతకాలపు వాళ్లకు నిమిషం విలువ తెలియదనుకోకండి. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు అరవై. దాన్ని కొలవడానికి అడుగున సన్నని బెజ్జం పెట్టిన రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. నీరు ఎక్కి గిన్నె మునిగితే ఒక గడియ. నీళ్లు బురదగా ఉంటే బెజ్జం పూడి గడియ సాగుతుంది. చలికి నీరు చిక్కబడినా సాగుతుంది. అందుకే వడకట్టిన నీళ్లు పోయాలి, బెజ్జం తుడుస్తుండాలి, పక్కన ఒక మనిషి నిద్రపోకుండా ఉండాలి. ఇంత తిప్పలు పడినవాళ్ల వారసులం, గంటన్నర ముక్కల్ని గుండుగుత్తగా మింగుతున్నాం.

ఇప్పటి భౌతికశాస్త్రం దగ్గర గిన్నె బదులు పరమాణువు ఉంది. 1967 నుంచి సెకను అంటే సీజియం పరమాణువు తాలూకు తరంగం 919,26,31,770 ఊపులు ఊగే కాలం. ఆ గడియారాలు బయటపెట్టిన నిజం మీకు రుచించదు: కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదు. ఉదయగిరి దుర్గం కొండ మీద, సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, ఒక అణుగడియారం పెట్టి, మైపాడు బీచిలో ఇంకోటి పెడితే కొండ మీదిది రోజుకు ఎనిమిది నానోసెకన్లు ముందుంటుంది. కింద గురుత్వం ఎక్కువ, అందుకే కాలం నెమ్మది. ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు ఏర్పాటు) ఉపగ్రహంలో ఈ తేడా రోజుకు 46 మైక్రోసెకన్లకు చేరుతుంది. కాంతి మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది గనక, లెక్కలో దిద్దకపోతే రోజుకు దగ్గరదగ్గర 14 కిలోమీటర్ల దూరం తప్పుతుంది.

ఆ వరసలో మన దేశంలో తయారైన రుబిడియం గడియారాన్ని మోసుకెళ్లిన ఎన్‌వీఎస్-01ను ఎప్పుడు ఎగరేశారో తెలుసా? 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి, 2023 మే 29, సోమవారం, 10.42కు. తమరి తమ్ముడు యమగండం గారి నట్టింట్లో! క్యాలెండరు లెక్కన చూసినా, ఎండ లెక్కన చూసినా అంతే. శుభ్రంగా వెళ్లింది. దాని తర్వాతి ఎన్‌వీఎస్-02ను 2025 జనవరి 29 తెల్లవారుజామున 6.23కు పంపారు. తమరూ లేరు, తమ్ముడూ లేడు. రాకెట్టు పని రాకెట్టు చేసింది గానీ, ఉపగ్రహంలో వాల్వు తెరుచుకోక కక్ష్య పెంచలేకపోయారు. అమావాస్య గదా అంటారు తమరి వకీళ్లు. పొద్దు పొడవలేదు గనక మీ లెక్కన ఇంకా మంగళవారమే గదా అంటాం మేము. రెండు ప్రయోగాలతో ఏదీ రుజువు కాదు, ఎటూ కాదు. వాల్వుకు వారం పేరు తెలియదన్నంత వరకే మా వాదన.

శ్రీహరికోటలో వర్జ్యం లేదనుకోవద్దు. 2023 జులై 14న చంద్రయాన్-3ను నాలుగు సెకన్లు ఆలస్యంగా వదిలారు. అనుకున్న క్షణానికే వదిలితే పైన తిరిగే వస్తువుకు మరీ దగ్గరగా పోయే ప్రమాదం ఉందని లెక్క తేలింది. నాలుగంటే నాలుగు సెకన్లు, ఎందుకో కారణంతో సహా. తొంభై నిమిషాలు అడిగే తమరు కారణం మాట ఒక్కసారీ ఎత్తలేదు.

తమరికి ఉద్యోగం పోవాలని మా కోరిక కాదు. రాహువుకు నిజంగా పనున్న చోటు ఒకటుంది, కృష్ణపట్నం రేవు. ఆ 18.6 ఏళ్ల చుట్టులో చంద్రుడి దారి భూమధ్యరేఖకు ఒకప్పుడు 28 డిగ్రీల పైదాకా, ఒకప్పుడు 18 డిగ్రీల దాకానే పోతుంది. దాన్నిబట్టి పూటపూటకూ వచ్చే చంద్రపోటు మూడున్నర శాతం పైన అటూ ఇటూ అవుతుంది. పోటుపాట్ల పట్టిక కట్టేవాళ్లు ఆ దిద్దుబాటు వేయకుండా కట్టరు. 2025లో అది తగ్గు వంతు, 2034 నాటికి హెచ్చు వంతు. అక్కడికి బదిలీ పెట్టుకోండి. మంగళవారం సాయంత్రాలు ఆఫీసుకు వదిలేయండి, సర్వరు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

ఇట్లు,
పొద్దు చూసి టైము చెప్పగల నెల్లూరు, ఒంగోలు వాస్తవ్యులు