స్టెంటు కొలత నీడలో దొరకదు

గుండె యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తనాళం కాదు, అందులో పారే డై నీడ. గోడ ఎంత మందమో, పూడిక కొవ్వుదో కాల్షియందో ఆ నీడ చెప్పదు. అయినా క్లిష్టమైన పూడికల్లో సైతం కంటి అంచనాతోనే స్టెంటు సైజు ఖాయం చేస్తున్నారు. ఈ పద్ధతి మారాలి.

ధమని లోపలికే వెళ్లి చూసే సాధనాలు రెండున్నాయి. ఒకటి ఐవస్, అది అల్ట్రాసౌండ్‌తో 4 నుంచి 8 మిల్లీమీటర్ల లోతు చూస్తుంది. రెండోది పరారుణ కాంతితో పనిచేసే ఓసీటీ, అది 1-2 మి.మీ. దాటదు గానీ 10-20 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) తేడాను కూడా పట్టిస్తుంది. దానికి రక్తం అడ్డు కాబట్టి చిత్రం తీసేంతసేపు డైతో నాళాన్ని కడగాలి. అందుకే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, గుండెకు రక్తమిచ్చే ఎడమ ప్రధాన ధమని మొదట్లోనే పూడిక ఉన్నవారికి ఐవస్ మేలు.

స్టెంటు పెట్టాక చూడటం సగం పనే. అసలు చూడాల్సింది ముందు. కాల్షియం నాళం చుట్టూ సగానికి మించి, అర మిల్లీమీటరు కన్నా మందంగా, 5 మి.మీ. కన్నా పొడవుగా ఉంటే స్టెంటు సరిగా విచ్చుకోదనే అనుమానించాలి. ముందు రోటాబ్లేషన్‌తో, అంటే వేగంగా తిరిగే చిన్న డ్రిల్లుతో, అరగదీయాలి, లేదా ధ్వని తరంగాలు పంపే లిథోట్రిప్సీ బెలూన్‌తో పగలగొట్టాలి. అది చేయకుండా దించిన స్టెంటు సగం విచ్చుకుని ఆగిపోతే, ఆ తర్వాత బెలూన్ ప్రెజరు ఎంత పెంచినా సరిచేయడం చాలా కష్టం. పెట్టాక స్టెంటు లోపల అతి ఇరుకైన చోట వైశాల్యం ఐవస్‌లో 5.5, ఓసీటీలో 4.5 చదరపు మి.మీ. దాటాలి. ఎడమ ప్రధాన ధమనికి ఇంకా ఎక్కువ కావాలి.

చిన్న అజాగ్రత్తలే చిత్రాన్ని చెడగొడతాయి. ముందుగా నాళాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్ మందు ఇవ్వకపోతే బిగుసుకున్న నాళం సన్నగా కనిపించి, చిన్న స్టెంటు ఎంచుకునేలా చేస్తుంది. ఐవస్ క్యాథటర్‌ను (నాళంలోకి పంపే సన్నని గొట్టాన్ని) సెలైన్‌తో సరిగా ఫ్లష్ చేయకపోతే గాలిబుడగ బొమ్మను చెరిపేస్తుంది. సాధనాలను ధమని మూతి దాకా చేర్చే గైడింగ్ క్యాథటర్‌ను కాస్త వెనక్కి లాగకపోతే ధమని మూతి దగ్గరి పూడిక దాని చాటునే ఉండిపోతుంది.

రుజువులు లేవనే మాట ఇక చెల్లదు. దక్షిణ కొరియాలో క్లిష్టమైన పూడికలున్న 1,639 మందిపై జరిపి 2023లో ప్రచురించిన పరిశీలనలో, గుండె మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి చూస్తే లోపలి చిత్రం ఆధారంగా చేసినవారిలో 7.7 శాతం, యాంజియోగ్రామ్‌తోనే చేసినవారిలో 12.3 శాతం. యూరోపియన్ మార్గదర్శకాలు 2024లో ఎడమ ప్రధాన ధమని, నాళం రెండుగా చీలే చోటి, పొడవాటి పూడికలకు లోపలి చిత్రాల వాడకాన్ని మొదటి శ్రేణి సిఫార్సుగా చేశాయి. తేలికైన ప్రతి పూడికకూ ఇది తప్పనిసరి అని మేము అనడం లేదు. ఈ మూడింటికి మాత్రం బీమా ఖర్చు భరించాలి, రోగి చేతికిచ్చే రిపోర్టులో స్టెంటు సైజుతోపాటు చివరికి దక్కిన వైశాల్యాన్నీ రాయాలి.