టాప్ ఎవ్వడు సూస్తడన్నా?

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల్లో మనిషి స్థాయి తెలుసుకోవడానికి ఇప్పుడు ఎన్ని ఎకరాలని అడగనక్కర్లేదు. ఇంటి ముందున్న బండి ఎత్తు చూస్తే సరిపోతుంది. ఆల్టోతో మొదలైనవాడు సర్పంచ్ అయ్యేసరికి బొలెరో ఎక్కుతాడు. జడ్పీటీసీ టికెట్ అడిగే నాటికి స్కార్పియోకు మారతాడు. ఊరి చివర రెండు వెంచర్లు వేశాక ఇక ఫార్చ్యూనర్ తప్ప కింది బండ్లు ఆనవు. ఇన్నోవా క్రిస్టా ఎత్తు 1,795 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్ 1,835, పాత మోడల్ స్కార్పియో 1,995. అంటే దాదాపు ఆరడుగుల నుంచి ఆరున్నర అడుగుల దాకా. కొన్న పెద్దమనిషి మాత్రం ఐదున్నర అడుగుల దగ్గరే ఆగిపోయాడు. నామినేటెడ్ పదవి వచ్చినా ఆ లెక్క మారదు.

సమస్యంతా ఇక్కడే ఉంది. ఎత్తు షోరూంలో ఈఎంఐ మీద దొరుకుతుంది, దానికి తగ్గ చేతులు దొరకవు. ఫలితంగా ఎన్నో బండ్ల టాప్‌లు షోరూం గేటు దాటిన నాటి నుంచి మనిషి స్పర్శ ఎరగకుండా పడి ఉన్నాయి. సొంత పేరున రిజిస్టరైన ఆస్తి, ఎవరి అజమాయిషీ లేకుండా దుమ్ము కొట్టుకుపోతుంటే ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశం జరగలేదు. ఒక శ్వేతపత్రం రాలేదు. ప్రతిపక్షం కూడా నోరు విప్పలేదు, ఎందుకంటే వాళ్ల బండ్ల టాప్‌లూ అలాగే ఉన్నాయి.

హైవే పక్కన ఏ వాటర్ సర్వీసింగ్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడ్డా విషయం అర్థమవుతుంది. బండి ర్యాంపు ఎక్కుతుంది. చక్రాల సందుల్లో ఉన్న నల్లరేగడి మట్టిని ప్రెషర్ గన్‌తో కొట్టీ కొట్టీ రాలగొడతారు. అక్కడ ఏ లోటూ ఉండదు. తర్వాత ఒళ్లంతా నురగ. ఆ తర్వాత అసలు విన్యాసం. పని చేసే పిల్లగాడు వెనక డోర్ తెరిచి, ఒక కాలు గడప మీద, ఇంకో కాలు టైరు మీద పెట్టి, ఎడమ చేత్తో రూఫ్ రెయిల్ పట్టుకుని, కుడి చేత్తో స్పాంజిని టాప్ మీదికి విసురుతాడు. చెయ్యి అందినంత మేర అర్ధచంద్రాకారంలో ఒక్క తుడుపు. దిగి, అవతలి పక్కకు వెళ్లి, మళ్లీ అదే విన్యాసం. ఇటు అర్ధచంద్రం, అటు అర్ధచంద్రం. రెండూ కలవవు. మధ్యలో ముందు అద్దం నుంచి డిక్కీ దాకా జానెడు వెడల్పున ఒక పట్టీ మిగిలిపోతుంది.

ఈ పట్టీ సంగతి ధరణి పోర్టల్‌లో వివాదమని పక్కన పెట్టిన పార్ట్-బి భూమి సంగతే. ఉందని అందరికీ తెలుసు, ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఇటు నుంచి తుడిచేవాడు అది అటువాడిదనుకుంటాడు, అటు నుంచి తుడిచేవాడు అది ఇటువాడిదనుకుంటాడు. ఇద్దరూ ఒక్కడే కావడం ఇందులో కొసమెరుపు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, ఆ పట్టీ మాత్రం మొన్నటి దసరా దుమ్ముతో సహా యథాతథ స్థితిలో ఉంది. ఓనర్ ఎవరైనా కాస్త ధైర్యం చేసి, "తమ్మీ, నడిమిట్ల ఉండిపోయిందిరా" అంటే పిల్లగాడు గుడ్డ పిండుకుంటూ ఒకటే జవాబు చెబుతాడు: "టాప్ ఎవ్వడు సూస్తడన్నా?"

ఆ ఒక్క మాట మీదే మన జిల్లాల వాహన సంస్కృతి నిలబడి ఉంది. దసరా రోజు చూడండి. బానెట్‌కు పసుపు కుంకుమ, స్టీరింగ్‌కు బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు, ముందర పగిలిన గుమ్మడికాయ. టాప్‌కు ఒక్క బొట్టు లేదు. అదే రోజు సాయంత్రం పాలపిట్ట కోసం ఊరంతా ఆకాశం కేసి చూస్తారు. అది మన రాష్ట్ర పక్షి, దర్శనం శుభం, కాదనను. కానీ ఆ పాలపిట్టకు కూడా మన టాప్ కనిపిస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాదు.

పూర్వం ఈ చిక్కు ఉండేది కాదు. దేవరకొండ రోడ్డు మీద, అచ్చంపేట రోడ్డు మీద కమాండర్ జీపులు తిరిగిన కాలంలో లోపల ఎంత మంది ఉండేవాళ్లో పైన అంత మంది ఉండేవాళ్లు. కురుమూర్తి జాతరకో చెర్వుగట్టుకో పోయి వచ్చేసరికి ఆ లుంగీలు, ధోతుల రాపిడికి టాప్ అద్దంలా మెరిసేది. రవాణా శాఖ నిబంధనల దృష్ట్యా అది నేరమే, పాలిష్ దృష్ట్యా మాత్రం వంక పెట్టలేం. ఇప్పటికీ తుఫాన్ బండికి వెనక ఇనుప నిచ్చెన ఉంటుంది. డజను మందిని మోసే బండికి నిచ్చెన ఇచ్చారు, ఒక్కడే కాలు మీద కాలేసుకుని తిరిగే బండికి ఇవ్వలేదు. సామాజిక న్యాయం గురించి మాట్లాడేవాళ్లు ఈ కోణాన్ని ఎందుకు వదిలేశారో తెలియదు.

సరే, నిజంగానే టాప్‌ను ఎవరూ చూడరా? కాకి చూస్తుంది, దాని అభిప్రాయాన్ని తెల్లటి అక్షరాల్లో అక్కడికక్కడే నమోదు చేసి పోతుంది. పక్కింటి డాబా మీద మిరపకాయలు ఎండబెట్టే అత్తమ్మ చూస్తుంది. ఇక ఈ మధ్య డ్రోన్ వచ్చింది. పెళ్లికి డ్రోన్, గృహప్రవేశానికి డ్రోన్, నామినేషన్ ర్యాలీకి రెండు డ్రోన్లు. కాన్వాయ్‌లో పన్నెండు తెల్ల బండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే పైనుంచి తీసిన షాట్‌లో పన్నెండు బూడిద రంగు బండ్లు కనిపిస్తాయి. కింద నిలబడి చప్పట్లు కొట్టిన కార్యకర్త ఇంటికెళ్లి ఫోన్‌లో చూసుకుని, ఇవి మన బండ్లేనా అని టెన్షన్ పడతాడు.

ర్యాలీ అన్నాక సన్‌రూఫ్ సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. బండి టాప్‌కు సమాన ఎత్తులో నిలబడే అవకాశం ఈ ప్రజాస్వామ్యంలో ఒక్క నాయకుడికే ఉంది. నడుము దాకా బయటికొచ్చి, రెండు గంటల పాటు కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి చెయ్యి ఊపుతూనే ఉంటాడు. ఆ చేతిలో తడి మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి పెడితే చౌరస్తా చేరేలోపు సగం టాప్ శుభ్రపడేది. బదులుగా ఏం జరుగుతోంది? జేసీబీ తొట్టితో బంతిపూల రేకులు కుమ్మరిస్తున్నారు. ఆ రేకులు ఎండకు టాప్ మీదే వాడి నారింజ మరకలు వదులుతాయి. కొన్ని సన్‌రూఫ్ అంచుల్లో దూరి, నీళ్లు బయటికి పోయే సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి. ఆ గొట్టాలు మూసుకుపోతే వాన నీళ్లు లోపలికి కారతాయి. ప్రజల అభిమానం ఆరుద్ర కార్తెలో నాయకుడి నెత్తిన బొట్టు బొట్టుగా పడుతుంది.

కానీ వీటన్నిటినీ మించిన పరిశీలక బృందం ఒకటుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, చేతికిచ్చేది జీరో టికెట్. పల్లెవెలుగు బస్సు ఫ్లోరే ఎత్తు, దాని మీద సీటు, ఆ కిటికీ పక్కన కూర్చున్న మనిషి కళ్లు ఫార్చ్యూనర్ టాప్ కన్నా పైనే ఉంటాయి. అంటే జీరో టికెట్ తీసుకున్న ప్రతి అక్కా నలభై లక్షల బండిని పైనుంచి కిందికి చూస్తోంది. నల్గొండ గడియారం సెంటర్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు కిటికీల్లోంచి వినిపించే మాటలు ఇలా ఉంటాయి.

"అక్కా, గా కారు పైన సూడు. పెరడు లెక్కనే ఉన్నది."

"అవునే. రెండు బెండ గింజలేస్తె మొలుస్తయి."

లోపల కూర్చున్న పెద్దమనిషికి ఏసీ చప్పుడులో ఇదేమీ వినపడదు. నల్ల అద్దాల్లోంచి బస్సు కిందిభాగం, దాని మీద గుట్కా మరకలు చూసి, ఈ జనం ఎప్పుడు మారతారో అని నిట్టూరుస్తాడు.

ఇక సాంకేతిక అంశాలకు వద్దాం. బండిలో అన్నిటికన్నా ముందు రంగు పాడయ్యేది ఎవ్వడూ చూడని ఈ టాపే, దాని తోడుగా బానెట్. రంగు మీద రక్షణగా ఉండే క్లియర్ కోట్ మందం చాలా బండ్లలో 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. నల్గొండ ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజున ఎండ నిట్టనిలువుగా పడేది దాని మీదే. అతినీలలోహిత కిరణాలకు ఆ పొర పొడిబారి, మెరుపు పోయి, చివరికి పొట్టు లేస్తుంది. మిర్యాలగూడ వైపు వెళ్తే రైస్ మిల్లుల ఊక బూడిద, వాడపల్లి, మట్టంపల్లి వైపు వెళ్తే సిమెంటు దుమ్ము. పక్షి రెట్టలోని యూరిక్ ఆమ్లం ఎండలో క్లియర్ కోట్‌ను తినేస్తుంది, తర్వాత ఎంత రుద్దినా ఆ మచ్చ పోదు. నీడ కోసం చెట్టు కింద పెడితే రెట్ట, రెట్ట వద్దని బయట పెడితే ఎండ. మహబూబ్‌నగర్ పక్కన దాదాపు 700 ఏళ్ల పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందెక్కించిన జిల్లా మనది. ఒక రేకుకు మైనం ఎక్కించలేమా?

నీళ్ల సంగతి మరీ సున్నితం. తాగే నీటిలో ఫ్లోరైడ్‌తో తరాల తరబడి కాళ్లు వంకర్లు పోయిన జిల్లా ఇది. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఎన్నో పోరాటాల తర్వాత ఇంటికి చేరిన కృష్ణా నీళ్లతో ఇప్పుడు పొద్దున్నే పైపు పెట్టి అల్లాయ్ వీల్స్ కడిగే మహానుభావులున్నారు. టాప్ కడగకుండా వదిలేసి వాళ్లు ఎన్ని బిందెలు ఆదా చేస్తున్నారో తలచుకుని కృతజ్ఞతలు చెప్పుకోవాలి. బోరు నీళ్లతో కడిగేవాళ్లకు వేరే శిక్ష ఉంది. ఉప్పు నీళ్లు ఎండకు ఆరిపోతే టాప్ నిండా తెల్ల చుక్కలు మిగులుతాయి. కడగకముందే నయమనిపిస్తుంది.

మైనానిది ఇంకో కథ. మంచి కారు వ్యాక్స్‌లో వాడే కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన తాటిచెట్టు కల్లు ఇచ్చి ఊరుకుంది, కారు గురించి ఆలోచించలేదు. చెట్టెక్కే గౌడన్నల కోసం ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, మంచి పని. తడి టైరు మీద ఒంటికాలితో నిలబడి, నురగ కారే చేత్తో రెయిల్ పట్టుకుని వేలాడే సర్వీసింగ్ పిల్లగాడికి కవచం మాట అటుంచి, రబ్బరు చెప్పులకు గ్రిప్పన్నా లేదు.

చెయ్యాల్సింది నిజానికి బ్రహ్మవిద్య కాదు. కడుగుడు టాప్ నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మురికి నీళ్లు కిందికే కారతాయి. మనవాళ్లు చక్రాలు, డోర్లు మెరిపించాక ఆఖర్న టాప్ మీద ఒక మగ్గు గుమ్మరించి, కారిన బురద చూసి ఆశ్చర్యపోతారు. పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు, నీడలో. పొడి గుడ్డతో దుమ్ము దులిపితే గీతలు పడతాయి కాబట్టి ముందు నీళ్లు ధారాళంగా పోయాలి. పొడుగు కర్ర ఉన్న మెత్తటి మాప్, కారు షాంపూ. గిన్నెలు తోమే నిమ్మకాయ లిక్విడ్ వద్దు, అది ఉన్న మైనాన్ని కూడా ఊడ్చేస్తుంది. చీపురు అసలే వద్దు. డీసీఎం టార్పాలిన్ దులిపిన చీపురుతో సన్‌రూఫ్ అద్దం రుద్దిన వీరులను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టి, టాప్‌ను సగం సగంగా పంచుకుని, మైనం పలచగా రాసి, తెల్లగా ఆరాక శుభ్రమైన గుడ్డతో తీసేయాలి. ఎండలో రాస్తే అది అక్కడే పట్టుకుని, తీసేవాడి భుజం ఊడుతుంది. వీటన్నిటికీ కావలసిన మౌలిక వసతి ఒకటే, నిలబడటానికి గట్టి బల్ల. అటొకటి, ఇటొకటి.

ఆ వసతి ఒక సర్వీసింగ్ సెంటర్‌లో ఏర్పాటైంది. రెండు పక్కలా ఇటుకల దిమ్మెలు కట్టి, వాటి మీద సెంట్రింగ్ పలకలు పరిచి, పిల్లగాడు నడుస్తూ మధ్య పట్టీ దాకా తుడిచేలా చేశారు. గోడ మీద ఎర్ర పెయింట్‌తో 'టాప్ ఎక్స్‌ట్రా' అని రాశారు. నా దృష్టిలో ఈ దశాబ్దంలో జిల్లాకు వచ్చిన అసలైన సంస్కరణ ఇదే. బోర్డు చూసిన మొదటి కస్టమర్, మెడలో చేతివేలంత గొలుసు, తెల్ల ఫార్చ్యూనర్, కాసేపు దీర్ఘంగా ఆలోచించాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తర్వాత బేరం పెట్టాడు.

"పూర్తిగ ఎందుకురా, సగం పైసలిస్త. ఎడమ దిక్కు సగం మంచిగ తుడువు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు బస్సు అటే ఉంటది."