సవరణ: టాఫ్ట్-హార్ట్లీ చట్టంపై ట్రూమన్ సంతకం పెట్టలేదు

1948 అమెరికా అధ్యక్ష ఎన్నికపై నేను పెట్టిన పోస్టులో, కార్మిక సంఘాల హక్కులకు కోత పెట్టిన టాఫ్ట్-హార్ట్లీ చట్టంపై అప్పటి అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ సంతకం చేశాడని రాశాను. అది తప్పు. 1947 జూన్ 20న ఆయన ఆ బిల్లును వీటో చేశాడు. మూడు రోజులకే కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) మూడింట రెండొంతుల మెజారిటీతో వీటోను తోసిపుచ్చింది. కాంగ్రెస్ రికార్డుల్లో ఇది స్పష్టంగా ఉంది.

ఇది చిన్న తేడా కాదు. యుద్ధం ముగిశాక ధరలు మండిపోయాయి, మాంసం దొరకలేదు, ఉక్కు, బొగ్గు, రైల్వే కార్మికులు వరసగా సమ్మెలకు దిగారు. జనం విసుగంతా 1946 ఎన్నికల్లో ట్రూమన్‌ది అయిన డెమొక్రాటిక్ పార్టీ మీద పడి, ఉభయ సభలూ రిపబ్లికన్ల చేతికి వెళ్లాయి. ఈ చట్టం తెచ్చింది ఆ సభలే. దక్షిణాది డెమొక్రాట్లు కూడా చాలామంది దానికి ఓటేశారు. ఆ వీటో లేకపోతే 1948లో సంఘాలు ట్రూమన్ కోసం అంతగా పనిచేసేవి కావని నా అభిప్రాయం.

అందరికీ తెలిసిన ఆ ఫొటోకీ ఈ చట్టంతో సంబంధం ఉంది. సెయింట్ లూయిస్ స్టేషన్‌లో రైలు వెనక నిలబడి, 1948లో తన రిపబ్లికన్ ప్రత్యర్థి డ్యూయీ గెలిచాడని తప్పుగా అచ్చయిన షికాగో ట్రిబ్యూన్ పత్రికను ట్రూమన్ నవ్వుతూ పైకెత్తి చూపిస్తాడు. ఈ చట్టంతో ముడిపడిన వివాదంలోనే ఆ పత్రిక ప్రింటర్లు సమ్మెలో ఉన్నారు. అందుకే ఫలితాలు పూర్తిగా రాకముందే పేజీలు ప్రెస్‌కు పంపాల్సి వచ్చింది.

పోస్టులో ఆ వాక్యం మార్చాను. ఎలక్టోరల్ ఓట్ల లెక్క (ట్రూమన్ 303, డ్యూయీ 189, మూడో అభ్యర్థి థర్మండ్ 39) సరైనదే.