నిమిషాల లెక్క ఎవరి చేతిలో?

బట్టల పరిశ్రమలో కార్మికుల హక్కులు అనగానే మాట కనీస వేతనం దగ్గరికి వెళ్లిపోతుంది. ఎంత పెంచారు, ఎప్పటి నుంచి ఇస్తారు, బకాయిల సంగతేమిటి? అడగాల్సినవే. అయితే కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషికి రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ఇంకో అంకె. అది జీతం చీటీలో ఉండదు. యూనియన్ల డిమాండ్ల పత్రాల్లోనూ అరుదుగానే కనిపిస్తుంది. ఒక పీసు కుట్టడానికి ఇన్ని నిమిషాలు పట్టాలని ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ విభాగం కట్టే లెక్క అది. ఫ్యాక్టరీల్లో దాన్ని ఎస్‌ఏఎం (స్టాండర్డ్ అలోడ్ మినిట్స్) అంటారు. గంటకు టార్గెట్, లైన్ సామర్థ్యం, ఇన్సెంటివ్, పీస్ రేటు అన్నీ దాని నుంచే పుడతాయి.

ఒక లైన్‌లో 25 మంది ఆపరేటర్లు, 8 గంటల షిఫ్టు అనుకుందాం. తలా 480 నిమిషాల చొప్పున మొత్తం 12,000 నిమిషాలు. టీషర్టుకు 10 నిమిషాలని కట్టి, లైన్ 60 శాతం సామర్థ్యంతో నడవాలంటే రోజుకు 720 పీసులు తీయాలి. అదే టీషర్టుకు 9 నిమిషాలు చాలని కాగితం మీద మార్చేస్తే టార్గెట్ 800 అవుతుంది. జీతం తగ్గలేదు, పనిగంటలు పెరగలేదు, ఎవరికీ నోటీసు ఇవ్వలేదు. తనిఖీకి వచ్చిన అధికారికి ఏ తప్పూ దొరకదు. అయినా రోజుకు 80 పీసులు అదనం. అవి ఎక్కడి నుంచి వస్తాయో లైన్‌లో వాళ్లను అడిగితే చెబుతారు: తాగితే టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు మానేయడం నుంచి, భోజనం సగంలో లేచి మిషన్ దగ్గరికి రావడం నుంచి, షిఫ్టు అయ్యాక ఏ రిజిస్టరులోనూ ఎక్కని అరగంట నుంచి.

ఈ కోత ఎక్కడ పడుతుందో తెలియాలంటే లెక్క కట్టే పద్ధతి తెలియాలి. స్టాప్‌వాచ్‌తో కొలిచిన సమయాన్ని ముందు ఆపరేటర్ వేగాన్ని బట్టి సవరిస్తారు. మామూలు వేగం 100 అనుకుంటే, 120 వేగంతో కుట్టే మనిషి 40 సెకన్లలో ముగించిన పనికి మామూలు సమయం 48 సెకన్లు. దానిపై అలసటకు, సొంత అవసరాలకు, దారం తెగడం, బాబిన్ మార్చడం లాంటి ఆటంకాలకు కొంత కలపాలి. 15 శాతం కలిపితే 55 సెకన్లు దాటుతుంది. ఇప్పుడు లైన్‌లో అందరికంటే చురుకైన ఆపరేటర్‌ను ఎంచుకుని, కత్తిరించిన ముక్కల కట్టలు సరిగ్గా అందుతున్న సమయం చూసి కొలిచి, వేగం సవరణ ఎగ్గొట్టి, పైన కలపాల్సింది కలపకుండా వదిలేస్తే అదే పనికి 40 సెకన్లే మిగులుతాయి. ఆ 15 సెకన్ల తేడాను రోజుకు కొన్ని వందల సార్లు మోయాల్సింది మిగతా ఆపరేటర్లు.

సూది విరగడం చూడండి. విరిగిన ముక్కలన్నీ వెతికి, కాగితం మీద టేపుతో అతికించి, రిజిస్టరులో రాసి అప్పగిస్తే తప్ప కొత్త సూది ఇవ్వరు. ఒక్క ముక్క దొరక్కపోయినా దగ్గర్లో ఉన్న పీసులన్నీ మెటల్ డిటెక్టర్ కిందికి వెళతాయి. ఈ నియమంలో తప్పేమీ లేదు, పసిపిల్ల తొడిగే చొక్కాలో సూది మొన ఉండిపోకూడదు. కానీ వెతుకులాటలో పోయిన పావుగంట ఎవరి ఖాతాలో పడుతుంది? చాలాచోట్ల ఆపరేటర్ ఖాతాలోనే. కటింగ్ నుంచి కట్టలు రావడం ఆలస్యమైనా, ట్రిమ్స్ (గుండీలు, జిప్పుల్లాంటివి) అందకపోయినా, కరెంటు పోయినా, మెకానిక్ కోసం మిషన్ ఆగిపోయినా అంతే. కొత్త స్టైల్ ఎక్కిన మొదటి రోజుల్లో ఎంత అనుభవమున్న లైనైనా పాత వేగం అందుకోలేదు. ఆ సంగతి ఇంజినీర్లకు తెలుసు, వాళ్ల పట్టికల్లోనే ఉంటుంది. అయినా టార్గెట్ బోర్డు మీద మొదటి రోజు నుంచే పూర్తి అంకె రాసే ఫ్యాక్టరీలున్నాయి.

అందుకే యూనియన్ చేయగల మొదటి మేలు సమ్మె కాదు, లెక్క చూపించమని అడగడం. ప్రతి ఆపరేషన్‌కూ ఎస్‌ఏఎం షీటు కాపీ కావాలి. స్టైల్ మారినప్పుడల్లా కొలత వేసే చోట కార్మికుల తరఫున శిక్షణ పొందిన ఒకరు నిలబడాలి. ఆగిపోయిన సమయాన్ని లైన్ వారీగా, కారణంతో సహా రాయాలి, దాన్ని సామర్థ్యం లెక్క నుంచి తీసేయాలి. ఆల్టరేషన్ పీసు, అంటే సరిచేయమని వెనక్కి వచ్చిన పీసు, కుట్టినవారి తప్పు వల్ల వచ్చిందా, కటింగ్‌లో తేడా వల్ల వచ్చిందా అన్నది తేలాకే దాని భారం ఎవరిదో నిర్ణయించాలి. పీస్ రేటు ఏదైనా, పనిగంటలకు రావాల్సిన కనీస వేతనం కంటే సంపాదన తగ్గకూడదు. తగ్గితే తేడా యాజమాన్యం భరించాలి. వీటిలో ఏ ఒక్కటీ ఫ్యాక్టరీని దివాలా తీయించే కోరిక కాదు. నిజానికి ఆగిన సమయాన్ని కారణంతో సహా రాయడం మొదలుపెడితే మేనేజర్లకు కూడా తమ నష్టం ఎక్కడుందో కనిపిస్తుంది.

చూపించమనే హక్కు ఒకటైతే, ఆపమనే హక్కు రెండోది. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిది అంతస్తుల రాణా ప్లాజా గోడలకు, స్తంభాలకు పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని దుకాణాలు మూతపడ్డాయి. అక్కడి బ్యాంకు శాఖ తన సిబ్బందిని పంపేసింది. పైన ఉన్న ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల వాళ్లను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుందన్నారు. ఆ ఉదయం భవనం కుప్పకూలి 1,134 మంది చనిపోయారు. పగుళ్లు అందరికీ ఒకేలా కనిపించాయి. బ్యాంకు ఉద్యోగికి ఇంటికి వెళ్లే వీలుంది, కుట్టు కార్మికురాలికి లేదు. ఆ ఐదింటిలో ఒక్కదానిలోనూ యూనియన్ లేదు. సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 87వ ఒప్పందాన్ని, సమష్టి బేరసారాలకు సంబంధించిన 98వ ఒప్పందాన్ని బంగ్లాదేశ్ 1972లోనే ఆమోదించింది. కాగితం మీద ఉన్న హక్కు నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ మెట్ల దాకా రాలేదు.

ఆడిట్లు కూడా రక్షించలేదు. రాణా ప్లాజాలోని రెండు ఫ్యాక్టరీలకు అంతకుముందు సామాజిక తనిఖీలు జరిగాయి. 2012 సెప్టెంబరు 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు. మంటలకు కొన్ని వారాల ముందే దానికి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, పని పరిస్థితులు బాగున్నాయని ఇచ్చే సర్టిఫికెట్ అది. ఇది ఒక ఆడిటర్ నిర్లక్ష్యం అని సరిపెట్టుకునే విషయం కాదు. తనిఖీ ఖర్చు భరించేది ఫ్యాక్టరీయో బ్రాండో. వచ్చే తేదీ చాలాసార్లు ముందే తెలుస్తుంది. హాజరుకు రెండో రిజిస్టరు సిద్ధంగా ఉంటుంది. అడిగితే ఏం చెప్పాలో కార్మికులకు ముందు రోజే నేర్పుతారు. నివేదిక డబ్బు కట్టినవారి చేతికే వెళుతుంది. తాళం వేసిన తలుపు సంగతి రోజూ చూసేది లోపల పనిచేసేవాళ్లే, వాళ్లను భయం లేకుండా మాట్లాడనివ్వని తనిఖీకి విలువ లేదు.

సావర్ తర్వాత మూడు వారాల్లో వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్ అనే భద్రతా ఒప్పందం అందుకే భిన్నమైనది. ఒకవైపు బ్రాండ్లు, మరోవైపు ఇండస్ట్రియాల్, యూఎన్‌ఐ అనే అంతర్జాతీయ యూనియన్ సమాఖ్యలు సంతకాలు చేశాయి. 200కు పైగా బ్రాండ్లు చేరాయి, 1,600కు పైగా ఫ్యాక్టరీలు దాని పరిధిలోకి వచ్చాయి. తనిఖీ నివేదికలు అందరికీ కనిపించేలా బయటపెట్టారు. మరమ్మతులు చేయని ఫ్యాక్టరీతో వ్యాపారం ఆపాలి. ప్రమాదం ఉందనిపిస్తే పని నిరాకరించే హక్కు కార్మికులకు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మాట తప్పిన బ్రాండును మధ్యవర్తిత్వానికి ఈడ్చవచ్చు. ఈడ్చారు కూడా. 2016లో హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం ముందు యూనియన్లు రెండు కేసులు వేశాయి. వాటిలో ఒకటి 2018 జనవరిలో 23 లక్షల డాలర్లకు పైగా చెల్లింపుతో పరిష్కారమైంది. తర్వాత ఈ నమూనా 2023లో పాకిస్థాన్‌కూ విస్తరించింది. ఆఫ్రికాలోని లెసోతోలో 2019లో, తమిళనాడులోని దిండిగల్‌లో 2022లో ఇదే తరహాలో కట్టుబడి తీరాల్సిన ఒప్పందాలు కుదిరాయి. అవి లైంగిక వేధింపులను అరికట్టడానికి. లైన్‌లో టార్గెట్ నిర్ణయించేవాడు, సెలవు ఇచ్చేవాడు, ఓటీకి (ఓవర్‌టైమ్‌కు) పేరు రాసేవాడు ఒకే సూపర్‌వైజర్ అయినప్పుడు వేధింపు మీద ఫిర్యాదు అతని పై అధికారి బల్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఆ ఒప్పందాల్లో విచారణను యాజమాన్యం చేతిలో ఉంచలేదు.

స్వచ్ఛంద నియమావళికీ సంతకం చేసిన ఒప్పందానికీ ఉన్న తేడా ఇదే. బ్రాండ్ల వెబ్‌సైట్లలో కనిపించే నీతి నియమాలను మేం అబద్ధాలు అనడం లేదు. వాటిని తప్పితే ఏమవుతుందో వాటిలో రాయలేదు, అంతే.

ధర సంగతి కూడా ఇక్కడే మాట్లాడాలి. కొనుగోలుదారు ఒక్కో పీసు మీద ధర తగ్గించమంటే ఫ్యాక్టరీ యజమాని బట్ట ధర తగ్గించలేడు, కరెంటు బిల్లు తగ్గించలేడు. చేతిలో ఉన్నది కూలి, నిమిషాలు. చివరి క్షణంలో డిజైన్ మార్చి పాత షిప్‌మెంట్ తేదీనే ఉంచితే ఆ భారం రాత్రి ఓటీగా మారుతుంది. 2020లో కరోనా మొదలైన వారాల్లో పెద్ద బ్రాండ్లు ఎన్నో అప్పటికే కుట్టేసిన సరుకును కూడా రద్దు చేశాయి, చెల్లింపులు ఆపాయి. సరుకు ఓడెక్కాక నెలల తర్వాత డబ్బు ఇచ్చే పద్ధతిలో నష్టం మొత్తం కింది మెట్టు మీద పడింది, కార్మికులు జీతాలు లేకుండా ఇళ్లకు వెళ్లారు. కాబట్టి కూలి భాగాన్ని బేరం నుంచి బయటపెట్టాలి. ఒప్పుకున్న ఎస్‌ఏఎం, నిమిషానికి కూలి ఆధారంగా దాన్ని ధరలో విడిగా చూపి, ముట్టుకోకూడదని కొనుగోలు ఒప్పందంలోనే రాయాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రమే బేరమాడే యూనియన్ సగం యజమానితోనే మాట్లాడుతున్నట్టు లెక్క.

ఏ యూనియన్‌తో మాట్లాడాలో ఎవరు నిర్ణయించాలన్నది పాత చిక్కు. 1982 జనవరి 18న యూనియన్ నాయకుడు దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన బొంబాయి మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. కూలి, బోనస్‌లతో పాటు వాళ్ల కోపం 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం మీద. ఆ చట్టం ఒకే యూనియన్‌కు ప్రాతినిధ్యం కట్టబెట్టింది, కార్మికులు దాన్ని నమ్మకపోయినా మారే దారి దాదాపు లేదు. సమ్మె ఎన్నడూ అధికారికంగా ముగియలేదు. ఈలోగా బట్ట మరమగ్గాల నుంచి వస్తూనే ఉంది, చాలా మిల్లులు మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. ఉత్పత్తి ఇంకోచోటికి మళ్లగలిగినప్పుడు, అక్కడి కార్మికులు సంఘంలో లేనప్పుడు, నిరవధిక సమ్మె యజమాని కంటే ముందు కార్మికుడినే అలసిపోయేలా చేస్తుంది. గుర్తింపును రహస్య ఓటుతో, నిర్ణీత గడువుతో తేల్చడం ఇరుపక్షాలకూ మంచిది.

ఫ్యాక్టరీ గోడల బయట ఉన్నవాళ్ల సంగతి మరీ కష్టం. ఇంట్లో గుండీలు కుట్టే, ఎంబ్రాయిడరీ చేసే మహిళకు యజమాని ఎవరో తెలియదు, కనిపించేది మధ్యవర్తి ఒక్కడే. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే కార్మిక నాయకురాలు స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవా’ను (SEWA) యూనియన్‌గా నమోదు చేయబోతే, యజమానే లేనప్పుడు యూనియన్ ఎలా కుదురుతుందన్న అభ్యంతరమే మొదట ఎదురైంది. చివరికి నమోదైంది. ఈనాడు యాప్ మీద పార్సిళ్లు మోసేవాళ్లకూ అదే మాట వినిపిస్తోంది. వాళ్ల రేటు కట్టే అల్గారిథమ్ ఎస్‌ఏఎం కంటే గుట్టుగా ఉంటుంది, రాత్రికి రాత్రి మారుతుంది. స్పెయిన్ 2021లో చేసిన చట్టం, పని పరిస్థితులను నిర్ణయించే అల్గారిథమ్ ఏ సూత్రాల మీద నడుస్తోందో కార్మిక ప్రతినిధులకు చెప్పి తీరాలంది. కుట్టు లైన్‌కూ అలాంటి చట్టం ఉండాలని మా అభిప్రాయం.

సంఘం కట్టడంలో జరిగే పొరపాట్లు కొత్తవి కావు. సగం మంది కూడా చేరకముందే గేటు దగ్గర జెండా ఎగరేస్తారు, వారంలో ముందువరుస వాళ్లందరినీ తీసేస్తారు. ముందు కటింగ్, కుట్టు, చెకింగ్, ఫినిషింగ్ విభాగాల వారీగా ఎవరెవరున్నారో, ఎవరి మాట మిగతావాళ్లు వింటారో రాసుకోవాలి. ప్రతి లైన్ నుంచీ కమిటీలో మనిషి ఉండాలి. పేర్ల జాబితా ఒకే ఫోన్‌లో, ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండకూడదు. మొదటి సమస్యగా గెలవగలిగేది పట్టుకోవాలి: టాయిలెట్‌కు వెళ్లాలంటే తీసుకోవాల్సిన టోకెన్లు, తాగునీరు, తాళం వేసిన తలుపు. గేటులోకి వచ్చిన వేళ, బయటికి వెళ్లిన వేళ ప్రతి ఒక్కరూ సొంతంగా రాసుకుంటే ఓటీ కేసులో అదే సాక్ష్యం. తీసేస్తారన్న బెదిరింపు వస్తే సభ్యత్వ రసీదులు, తేదీలతో ఉన్న ఫిర్యాదు కాపీలు పనికొస్తాయి, నోటి మాట పనికిరాదు. చందాను జీతం నుంచే కోయించుకోవడం సులువే. కానీ యాజమాన్యం ఎప్పుడైనా ఆపేయగల ఆదాయం మీద బతికే యూనియన్ బేరంలో ముందే తల వంచినట్టే. ఒక్కొక్కరి దగ్గర నేరుగా వసూలు చేస్తే కష్టం, అయితే నెలకోసారి ప్రతి సభ్యురాలితో మాట్లాడక తప్పదు.

యూనియన్లలో మాకు అన్నిటికంటే మింగుడుపడనిది ఒకటుంది. లైన్‌లో ఎక్కువమంది మహిళలు, వేదిక మీద మాత్రం మగవాళ్లు. షిఫ్టు అయ్యాక రాత్రి మీటింగ్ పెట్టి మహిళలు రావడం లేదని ఫిర్యాదు చేసే నాయకులున్నారు. భోజన విరామంలో, హాస్టల్ దగ్గర, సెలవు రోజు పిల్లల్ని వెంట తీసుకురాగలిగే చోట పెట్టమనండి. కమిటీలో సగానికి పైగా పదవులు వాళ్లకు రాయమనండి. బేరసారాల బల్ల దగ్గర ఎస్‌ఏఎం షీటు తెరిచినప్పుడు కాలర్ ఎక్కించడానికి నిజంగా ఎన్ని సెకన్లు పడుతుందో చెప్పగలిగేది రోజూ ఆ మిషన్ మీద కూర్చునే మనిషే.