స్విచ్ దాకా నడిపిస్తేనే ఆరోగ్యం అంటున్నవాళ్లకు

"ఇంట్లో పెద్దవాళ్లుంటే స్మార్ట్ పరికరాలు పెట్టకండి" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకూ ముగ్గురు నలుగురు పంపారు. అందులో ఉన్నవి ఐదు మాటలు: ఈ పరికరాలు మనిషిని సోమరిని చేస్తాయి, పెద్దవాళ్లకు అర్థం కావు, వాటితో ఇంటినిండా నిఘా, నెట్ పోతే అన్నీ ఆగిపోతాయి, అసలు కన్నవాళ్లను పిల్లలు చూసుకోవాలి గానీ యంత్రాలు కాదు. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. కానీ ఇది నమ్మి మంచంలో ఉన్న మనిషికి అందాల్సిన సాయాన్ని ఎవరైనా ఆపేస్తారేమోనని నా భయం.

ముందు సోమరితనం సంగతి. లైటు కోసం కూడా లేవకపోతే ఉన్న ఓపికా పోతుందట. రోజూ కాస్త నడవాలన్నది నిజమే. కానీ నడక వేరు, అర్ధరాత్రి చీకట్లో గోడ తడుముకుంటూ స్విచ్ వెతకడం వేరు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. మంచం మీంచి కాలు కింద పెట్టగానే బాత్రూమ్ దాకా సన్నని వెలుగునిచ్చే సెన్సర్ లైటు మనిషిని కూర్చోబెట్టదు, ధైర్యంగా లేచి నడిచేలా చేస్తుంది.

మరి అసలు లేవలేనివాళ్లో? 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో రెగ్ మేలింగ్ 'పోసమ్' అనే యంత్రం తయారుచేశారు. చేతులూ కాళ్లూ కదలనివాళ్లు ఒక గొట్టంలోకి గాలి ఊదుతూ, పీలుస్తూ దాంతో లైటు వేసుకునేవారు, గంట మోగించేవారు, టైపు కూడా చేసేవారు. లాటిన్‌లో ఆ మాటకు 'నేను చేయగలను' అని అర్థం. మాటతో పనిచేసే స్పీకర్ అమెజాన్ ఎకో 2014లో వచ్చింది. అంతకు యాభై ఏళ్ల ముందు నుంచే ఈ అవసరం ఉంది, దాన్ని సోమరితనం అని ఎవరూ అనలేదు.

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చాక, ఎవరినీ నిద్రలేపడం ఇష్టంలేక రాత్రంతా లైటు వెలుగులోనే కళ్లు మూసుకుని పడుకునేవారు. ఆ సంగతి మాకు చాలా నెలలకు గానీ తెలియలేదు. గొంతుతో లైటు ఆపుకునే ఏర్పాటు చేసిన రాత్రి ఆయన దాన్ని మూడుసార్లు వేసి మూడుసార్లు ఆపారు. దాన్ని సోమరితనం అంటే నాకు బాధేస్తుంది.

అర్థం కావన్న మాటకు పెద్దగా జవాబు అక్కర్లేదు. సెన్సర్ లైటుకు నేర్చుకోవాల్సిందే లేదు. మాట ముద్దగా వచ్చేవాళ్ల ఉచ్చారణను యంత్రాలకు నేర్పడానికి గూగుల్ 2019లో ప్రాజెక్ట్ యుఫోనియా మొదలుపెట్టింది. గొంతు అసలే పనికిరాకపోతే పెద్ద బటన్ ఉంది. చెవులు వినబడనివాళ్లకు కాలింగ్ బెల్ మోగితే లైటు మిణుకుమనేలా, అలారానికి దిండు కింద పరికరం అదిరేలా పెట్టుకోవచ్చు.

నిఘా మాటను మాత్రం నేను కొట్టిపారేయను. ఇళ్లలో పెట్టుకునే, రింగ్ అనే కంపెనీ కెమెరాల వీడియోలను ఉద్యోగులు చూసే వీలుండేదని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో ఆరోపించింది, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. పడకగదిలో కెమెరా పెట్టడానికి నేనూ వ్యతిరేకిని. అయితే మెసేజ్ రాసినవాళ్లు సెన్సర్‌నూ కెమెరానూ ఒకే గాటన కట్టేశారు. మోషన్ సెన్సర్ ఒంటి వేడి కదలికను పసిగడుతుంది, అంతే. తలుపు సెన్సర్ ఒక అయస్కాంతం. వాటిలో బొమ్మ ఉండదు. ఏది పెట్టినా ఆ గదిలో ఉండే మనిషిని అడిగే పెట్టాలి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందంలోని 22వ అధికరణం వాళ్ల గోప్యతను హక్కుగా చెబుతోంది. పిల్లలమైనంత మాత్రాన అది మన చేతిలోకి రాదు.

నెట్ పోతే ఆగిపోతాయన్నది సగం నిజం. 2016లో రివాల్వ్ అనే హబ్‌కు (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపించే పెట్టెకు) సర్వర్లు ఆపేస్తే, కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. అందుకే నెట్ లేకపోయినా ఇంట్లోపలే పనిచేసేవి తీసుకోవాలి. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన 'మ్యాటర్' అనే ప్రమాణం ఉన్న పరికరాలు అలా పనిచేయగలవు. స్మార్ట్ బల్బు కన్నా స్మార్ట్ స్విచ్ నయం: బల్బైతే ఎవరో అలవాటుగా గోడమీద స్విచ్ ఆపగానే ఇక పలకదు. స్మార్ట్ తాళానికి మామూలు తాళంచెవి కూడా ఉండితీరాలి.

చివరిది పిల్లల బాధ్యత. పిల్లలు లేనివాళ్ల సంగతి ఆ మెసేజ్‌కు తట్టనేలేదు. ఉన్నా, పక్కగదిలో నిద్రపోతున్న కొడుక్కి బాత్రూమ్‌లో అమ్మ పడిపోయిన సంగతి ఎలా తెలుస్తుంది? గంటల తరబడి నేలమీదే ఉండిపోతే దెబ్బ కన్నా అదే ఎక్కువ హాని చేయవచ్చు. 2018 నుంచి ఆపిల్ వాచ్ గట్టిగా పడటాన్ని గుర్తించి, మనిషి నిమిషం పాటు కదలకపోతే అత్యవసర సేవలకు ఫోన్ చేస్తుంది. ప్రతి పడిపోవడాన్నీ అది పట్టుకోలేదు. పట్టుకున్నప్పుడు మాత్రం పిలిచేది మనుషులనే.

కొనేముందు ఆ పరికరం వాడబోయేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఏ పనికి మమ్మల్ని పిలవడం మీకు కష్టంగా ఉంది? మేం మొదట ఆ ప్రశ్న అడగలేదు. పెదనాన్నకు కావాల్సింది తలుపు తెరిచే ఏర్పాటు అనుకుని దానికే డబ్బు పెట్టాం. ఆయన అడిగింది లైటు.