పోవాల్సినప్పుడు పోని తీగ గారికి

మెయిన్ బోర్డులో, పింగాణీ ఫ్యూజులో కాలు మీద కాలేసుకుని కూర్చున్న లావుపాటి రాగి తీగ గారికి,

నమస్కారం. మీకంటే ముందు ఆ సీట్లో 10 ఆంపియర్ల సన్న తీగ ఒకటి ఉండేది. ఎండాకాలం వస్తే చాలు, అస్తమానం పోయేది. పాపం, దాని ఉద్యోగమే పోవడం. గోడలో వైర్లు కాలకముందే తాను కరిగిపోయి కరెంటు ఆపేది. ఇంటిల్లిపాదీ దాన్ని దరిద్రపు ఫ్యూజు అని తిట్టాం.

ఓ రాత్రి సీరియల్ మధ్యలో పోయింది. మా మామగారు లేచి పాత కేబుల్ ముక్క ఒలిచి, మూడు పోగులు మెలిపెట్టి మిమ్మల్ని బిగించారు. "ఇక చూస్కోండి అల్లుడు గారూ, ఈ జన్మలో పోదు" అన్నారు. ఆయన మాట నిలబెట్టారు మీరు.

మీ హయాంలో దేనికీ అడ్డు లేదు. టన్నున్నర ఏసీ 7 ఆంపియర్లు, ఇండక్షన్ పొయ్యి 9, ఇస్త్రీపెట్టె 4. అన్నీ ఒకే లైను మీద! గోడలో ఉన్నదేమో ఏ కాలందో ఒక చదరపు మిల్లీమీటరు వైరు, 10-12 ఆంపియర్లకే ఆయాసపడే రకం. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందండీ. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది. ఇవన్నీ మీకెందుకులెండి, మీరు హాయిగా ఉన్నారు.

మొన్న శనివారం ఇంట్లో చేపల వాసన. మాది ఉల్లిపాయకి కూడా ముహూర్తం చూసే ఇల్లు. "శనివారం పూట ఆ పక్కింటివాళ్లకి చేపలేంటి!" అని అత్తగారు కిటికీలన్నీ మూయించారు. మూశాక వాసన ఇంకా పెరిగింది. చివరికి దొరికింది, ఇస్త్రీపెట్టె సాకెట్టు! ప్లగ్గు వదులైందని నేనే అగ్గిపుల్ల దోపాను (అవును, అగ్గిపుల్లే). లూజ్ కాంటాక్ట్ దగ్గర వేడి పుట్టి, ప్లాస్టిక్ మాడి, అచ్చం చేపల పులుసే. ప్లేటు విప్పితే వెనక వైరు తొడుగు వేయించిన అప్పడంలా పొడిపొడిగా రాలింది.

లూజ్ కాంటాక్ట్ పాపం మాత్రం మీది కాదు. దాన్ని ఏ ఫ్యూజూ కనిపెట్టలేదు. కానీ అంత లోడుని ఆ సాకెట్టు దాకా పంపించింది ఎవరండీ?

ఎలక్ట్రీషియన్ వచ్చి మిమ్మల్ని పట్టకారుతో బయటికి లాగి, వెలుతురులో పెట్టి చూశాడు. మీ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

"ఈ తీగ పెట్టిందెవరండీ?" అన్నాడు.

మామగారు పేపరు పైకెత్తారు. తలకిందులుగా.

ఇట్లు,
అగ్గిపుల్ల దోపినవాడు